అడ్మిన్ యాక్సెస్ అడిగిన ప్రతివాళ్లకీ ఇచ్చేముందు

చిరంజీవి అమ్మాయికి,

బాబాయి ఆశీస్సులు. మీ ఆఫీసు వెబ్‌సైట్‌ని కొత్త క్లౌడ్ సీఎంఎస్‌లోకి (సైట్‌లో రాతలు, ఫొటోలు పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్) మార్చబోతున్నారనీ, ఎవరికి ఏ యాక్సెస్ ఇవ్వాలో తేల్చే పని నీ నెత్తిన పడిందనీ రాశావు. "ఇందులో తేల్చేదేముంది బాబాయ్, పేర్లు ఎక్కించి రోల్ సెలెక్ట్ చేయడమేగా" అని కూడా అన్నావు. ఆ ముక్క చూసే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ యూజర్స్ పేజీ మూసెయ్. ఒక ఆర్టికల్ పుట్టిన దగ్గర్నుంచి సైట్ మీదికి వచ్చేదాకా ఎవరెవరి చేతులు మారుతుందో ఒక కాగితం మీద రాసుకో. ఎవరు రాస్తారు, ఎవరు దిద్దుతారు, ఫొటోలు ఎవరు పెడతారు, అనువాదం ఎవరిది, పబ్లిష్ బటన్ నొక్కేదెవరు, తప్పు పడితే అర్ధరాత్రి లేచి దాన్ని కిందికి దించేదెవరు. రోల్స్ ఆ కాగితంలోంచి రావాలి. చాలామంది దానికి బదులు ఆఫీసు హోదాల పట్టిక ముందేసుకుంటారు. మేనేజర్ కాబట్టి అడ్మిన్, సీనియర్ కాబట్టి ఎడిటర్, నిన్న చేరాడు కాబట్టి అన్నిటికంటే కింది రోల్. పెద్దాయన ఏడాదికోసారి కూడా లాగిన్ అవ్వరు, ఆయన పేరు మీద అడ్మిన్ అకౌంట్ మాత్రం ఎప్పటిదో పాస్‌వర్డ్‌తో అలా పడి ఉంటుంది. ఆయనకి కావాల్సింది రేపు రాబోయే పేజీ ఎలా ఉందో చూడటం. దానికి ప్రివ్యూ లింకో, చూడటానికి మాత్రమే వీలయ్యే రోలో సరిపోతుంది.

ఈ పొరపాటు మనుషుల్లోనే కాదు, ఒకప్పుడు సాఫ్ట్‌వేర్‌లోనూ ఉండేది. వర్డ్‌ప్రెస్ అనే సీఎంఎస్‌లో మొదట్లో 0 నుంచి 10 దాకా యూజర్ లెవెల్స్ ఉండేవి. పై లెవెల్ వాడు కింది వాడు చేసేవన్నీ చేసి, ఇంకొన్ని కూడా చేయగలడు. 2005 డిసెంబరులో వచ్చిన 2.0 వెర్షన్‌లో దాన్ని పక్కనపెట్టి రోల్స్ తెచ్చారు. అంటే అడ్మినిస్ట్రేటర్, ఎడిటర్, ఆథర్, కాంట్రిబ్యూటర్, సబ్‌స్క్రైబర్. లోపల చూస్తే ప్రతి రోలూ కొన్ని చిన్న చిన్న అనుమతుల జాబితా. డ్రాఫ్ట్ రాయడం ఒకటి, పబ్లిష్ చేయడం ఇంకొకటి, పక్కవాళ్ల పోస్టు దిద్దడం వేరొకటి. నువ్వు రోల్ పేరు చూసి మురిసిపోకుండా, ఆ జాబితా తెరిచి ఒక్కో లైనూ చదవాలి. బోర్ కొట్టే పనే, ఒక్క పూట పడుతుంది. కానీ ఆ పూట దాటవేస్తే తర్వాత ఏం జరుగుతుందో ఒక ఉదాహరణ చెప్తాను.

కాంట్రిబ్యూటర్ రోల్‌లో ఉన్న కుర్రాడు చక్కగా డ్రాఫ్ట్ రాశాడు, ఫొటో పెట్టబోయాడు, అవ్వలేదు. ఎందుకంటే వర్డ్‌ప్రెస్ కాంట్రిబ్యూటర్‌కి ఫైళ్లు అప్‌లోడ్ చేసే అనుమతి ఉండదు. నీకు మెసేజ్ పెడతాడు: "మేడమ్, యాక్సెస్ పనిచేయట్లేదు, అర్జెంట్." నువ్వు మీటింగ్‌లో ఉంటావు. ఫోన్లోంచే అతన్ని ఎడిటర్ చేసేస్తావు, సమస్య తీరిపోతుంది. ఇప్పుడు అతని చేతికి ఏమేం వచ్చాయో చూడు. సైట్‌లో ఎవరి పోస్టునైనా మార్చగలడు, డిలీట్ చేయగలడు, పేజీలు పబ్లిష్ చేయగలడు. ఒకే సైట్ నడిపే మామూలు ఏర్పాటులో అయితే పోస్టు లోపల స్క్రిప్ట్ కోడ్ (చూసేవాళ్ల బ్రౌజర్‌లో నడిచే ప్రోగ్రామ్) కూడా పెట్టగలడు, ఎందుకంటే ఎడిటర్‌కి ఫిల్టర్ లేకుండా హెచ్‌టీఎంఎల్ (పేజీ తయారయ్యే కోడ్) రాసే అనుమతి ఉంటుంది. అతనికి దురుద్దేశం ఉండక్కర్లేదు. అతని పాస్‌వర్డ్ ఇంకెవరి చేతిలోనైనా పడితే చాలు. ఒక్క ఫొటో కోసం ఇంత ఇచ్చాం! కావాల్సింది కాంట్రిబ్యూటర్ అనుమతులకి అప్‌లోడ్ ఒక్కటి కలిపిన కొత్త రోల్. లేదా సొంత పోస్టులు తనే పబ్లిష్ చేసుకున్నా ఫర్వాలేదనుకుంటే ఆథర్.

అందుకే ఎవరైనా "నాకు అడ్మిన్ ఇవ్వండి" అంటే వెంటనే ఔననకు, కాదనకు. "ఏం చేస్తుంటే ఆగిపోయింది? స్క్రీన్‌షాట్ పంపండి" అని అడుగు. ఆగిన పని సాధారణంగా చిన్నదే అయి ఉంటుంది. ఆ పనికి సరిపడా ఇచ్చి పంపించు. కొందరు నొచ్చుకుంటారు, "నామీద నమ్మకం లేదా" అంటారు. నమ్మకానికీ దీనికీ సంబంధం లేదని నవ్వుతూ చెప్పు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1975లోనే రాసిపెట్టారు, ప్రతి యూజరూ, ప్రతి ప్రోగ్రామూ తన పనికి కావాల్సినంత అధికారంతోనే నడవాలని. దాంతోపాటు ఇంకో మాటా చెప్పారు: మొదట అన్నీ మూసి ఉంచి, కావాల్సినవి తెరవాలి. నువ్వు చేసే కస్టమ్ రోల్స్ కూడా అలాగే, ఖాళీ రోల్‌తో మొదలుపెట్టు. అడ్మిన్‌ని కాపీ చేసి అందులోంచి తీసుకుంటూ వెళ్తే ఏదో ఒకటి మిగిలిపోవడం ఖాయం.

రోల్ పేర్లు పనిని బట్టి పెట్టు. "న్యూస్ రచయిత", "తెలుగు అనువాదం", "ఫైనల్ అప్రూవల్" లాగా. మనిషి పేరుతో రోల్ పెట్టావంటే ఆ మనిషి వెళ్లిపోయాక అదేంటో ఎవరికీ అర్థం కాదు, భయపడి ఎవరూ తీసెయ్యరు కూడా. అలాగని ప్రతి చిన్న తేడాకీ ఒక రోల్ పుట్టించకు. మరీ ఎక్కువైతే ఏ రోల్‌లో ఏముందో నీకే గుర్తుండదు.

ఒకే మనిషికి రెండు రోల్స్ ఇచ్చేటప్పుడు మాత్రం కాస్త చూసుకో. డ్రూపల్ లాంటి సీఎంఎస్‌లలో అనుమతులు కలుస్తాయి, ఒక రోల్‌లో లేనిది ఇంకో రోల్‌లో ఉంటే ఆ మనిషికి ఉన్నట్టే. తక్కువ అధికారం ఉన్న రోల్ అదనంగా తగిలిస్తే ఏమీ తగ్గదు. డ్రూపల్‌లోనే లాగిన్ అయిన ప్రతివాళ్లకీ దానంతటదే వచ్చే రోల్ ఒకటుంది. దానికి ఏ అనుమతి ఇచ్చినా అందరికీ ఇచ్చినట్టే.

రాసినవాళ్లే పబ్లిష్ చేయకుండా చూడటం మంచి పద్ధతే, కానీ మీది చిన్న టీమ్ అయితే ఆ నియమం అన్నిటికీ పెట్టకు. అప్రూవ్ చేసేవాళ్లు సెలవులో ఉంటే పని ఆగిపోయి, చివరికి వాళ్ల పాస్‌వర్డ్ నలుగురూ వాడటం మొదలవుతుంది. ధరలు, లీగల్ పేజీలు, హోమ్ పేజీ లాంటి వాటికి పెట్టి మిగతావి వదిలెయ్. ఒకే లాగిన్ నలుగురు వాడే అలవాటుని మాత్రం ఏ కారణానికీ ఒప్పుకోకు. అప్పుడు ఎవరు ఏం చేశారో నమోదయ్యే ఆడిట్ లాగ్ ఎంత వెతికినా ఒకే పేరు కనిపిస్తుంది.

రోల్ తయారయ్యాక టెస్ట్ చెయ్యి. దీన్ని దాదాపు అందరూ సగమే చేస్తారు. రచయిత రోల్‌తో ఒక టెస్ట్ అకౌంట్ పెట్టుకుని, ప్రైవేట్ విండోలో లాగిన్ అయి, డ్రాఫ్ట్ సేవ్ అవుతోందని చూసి సంతోషపడతారు. చేయకూడనివి కూడా ప్రయత్నించాలి. అడ్మిన్‌గా ఉన్నప్పుడు సెట్టింగ్స్ పేజీ అడ్రస్ కాపీ చేసుకో, దాన్ని ఈ విండోలో పేస్ట్ చెయ్యి. మెనూలో బటన్ కనిపించకపోయినా పేజీ తెరుచుకుందంటే అక్కడ తాళం లేదన్నమాటే, తలుపుకి తెర మాత్రమే కట్టారు. పక్కవాళ్ల డ్రాఫ్ట్ లింకు కూడా అలాగే పెట్టి చూడు. వెబ్ అప్లికేషన్ల భద్రత మీద ఓడబ్ల్యుఏఎస్పీ అనే సంస్థ ఇచ్చే టాప్ 10 జాబితాలో 2017లో ఐదో స్థానంలో ఉన్న ఈ యాక్సెస్ లోపాలు 2021లో మొదటి స్థానానికి వచ్చాయి. మీ టీమ్ సొంతంగా రాసుకున్న ప్లగిన్లు (సీఎంఎస్‌కి తగిలించే అదనపు ప్రోగ్రాములు) ఉంటే వాటిని ఇంకా గట్టిగా పరీక్షించు.

మనుషుల సంగతి ఇది. టోకెన్లనీ (పాస్‌వర్డ్ బదులు ప్రోగ్రాములు వాడే తాళంచెవులు) మనుషుల్లాగే లెక్కలో పెట్టుకో. సైట్ కంటెంట్ తెచ్చుకోవడానికి చదివే టోకెన్ చాలు. మార్చే అధికారం ఉన్న టోకెన్‌ని డెవలపర్ తొందరలో బ్రౌజర్‌కి వెళ్లే కోడ్‌లో పెట్టాడంటే, పేజీ సోర్స్ చూడటం వచ్చిన ఎవరైనా దాన్ని తీసుకోవచ్చు. ఏ టోకెన్ ఎవరు తీసుకున్నారు, ఎందుకు, ఎప్పటిదాకా అన్నది ఒక షీట్‌లో రాయించు.

ఇక మనిషి వెళ్లిపోయే రోజు. యాక్సెస్ ఇచ్చేటప్పుడు పదిమంది వెంటపడి గుర్తుచేస్తారు. తీసేయమని ఎవరూ అడగరు, నీకు నువ్వే గుర్తుపెట్టుకోవాలి. ఎస్ఎస్ఓ (ఒక్క ఆఫీసు అకౌంట్‌తోనే అన్నిటిలోకీ లాగిన్ అయ్యే పద్ధతి) ఉంటే, ఆఫీసు అకౌంట్ ఆపగానే లాగిన్ ఆగిపోతుంది. ఎస్‌సీఐఎం (ఆఫీసు యూజర్ల లిస్టులో మార్పుల్ని సీఎంఎస్‌కి చేరవేసే పద్ధతి) కూడా కలిపితే అకౌంట్ దానంతటదే ఆగుతుంది. కానీ ఆ మనిషి సొంతంగా తీసుకున్న టోకెన్లు పోయాయో లేదో విడిగా చూడాలి. ఒక్క మాట, కోపంలోనో తొందరలోనో అకౌంట్ డిలీట్ చేయకు. వర్డ్‌ప్రెస్‌లో యూజర్‌ని డిలీట్ చేయబోతే ఒక ప్రశ్న అడుగుతుంది, ఆయన కంటెంట్ అంతా తీసెయ్యాలా, ఇంకొకరికి అప్పగించాలా అని. మొదటిది నొక్కితే ఆయన రాసిన పోస్టులన్నీ ఆయనతోపాటే పోతాయి. ముందు యాక్సెస్ ఆపు, పోస్టులు ఇంకొకరి పేరుకి మార్చు, తర్వాత తీరిగ్గా తీసెయ్. బయటి ఏజెన్సీ వాళ్లకైతే ఇచ్చే రోజే ఆపే తేదీ క్యాలెండర్‌లో పెట్టుకో.

మూడు నెలలకోసారి యూజర్ల లిస్టు తెరిచి చివరి లాగిన్ తేదీ చూడు. చాన్నాళ్లుగా రానివాళ్లని అడిగి ఆపెయ్. అడ్మిన్లు ఇద్దరు ఉండాలి, ఒక్కరే ఉంటే ఆ ఒక్కరూ అందుబాటులో లేని రోజు అందరికీ టెన్షన్. ఇద్దరికీ టూ ఫ్యాక్టర్ (లాగిన్‌కి పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో రుజువు) తప్పనిసరి. నీకు కూడా రోజువారీ రాతపనికి మామూలు అకౌంట్ వేరే ఉంచుకో.

ఇంకా కాంట్రాక్ట్ మీద సంతకం కాలేదన్నావు కదా, అది మంచిదే అయింది. చాలా క్లౌడ్ సీఎంఎస్‌లలో కస్టమ్ రోల్స్, ఎస్ఎస్ఓ, ఆడిట్ లాగ్ పై ప్లాన్‌లలోనే ఉంటాయి. డెమోలో అన్నీ చూపిస్తారు, కొన్నాక కనిపించవు. మీరు తీసుకునే ప్లాన్‌లో ఈ మూడూ ఉన్నాయా, లాగ్ ఎన్ని రోజులు దాచి ఉంచుతారు అని సేల్స్ వాళ్లని మెయిల్‌లోనే అడుగు, ఫోన్లో చెప్పిన జవాబు తీసుకోకు. ఆ మెయిల్ వచ్చాక నాకూ ఫార్వర్డ్ చెయ్యి, చూసి చెప్తాను.

మీ బాబాయి