దరఖాస్తుల వడపోతలో న్యాయం సాధ్యమేనా?

వందల దరఖాస్తుల్లోంచి ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో పక్షపాతం లేకుండా తేల్చడం సాధ్యమేనా అని అడిగారు. గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే ఒక సంస్థ కార్యాలయాన్ని 11 ఏళ్లు చూసుకున్న నాకు తెలిసినంతలో సాధ్యం కాదు. అన్యాయం ఇంటర్వ్యూ గదిలో జరుగుతుందనుకుంటారు గాని, దరఖాస్తులు వేరుచేసే బల్ల దగ్గరే అది జరిగిపోతుంది.

2019లో, యార్డుకు కొత్త కాయ వస్తున్న రోజుల్లో, ఒక్క అకౌంటెంటు ఉద్యోగానికి 186 దరఖాస్తులు వచ్చాయి. 8 మందిని పిలవమన్నారు. పగలంతా టిక్కీల (మిర్చి బస్తాల) లెక్కలతోనే సరిపోగా, రాత్రి వాటిని ముందేసుకున్నాను. మొదటి 30 అక్షరం వదలకుండా చదివాను. ఆపైన చదివింది మాత్రం పక్కన పెట్టడానికి సాకు కోసమే. (నెట్ సెంటర్లవారు బయోడేటాలన్నిటికీ ఒకే ఆశయాన్ని, అచ్చుతప్పులతో సహా, అతికించి ఇస్తారు, చదివేవాడికి విసుగు రాక ఏమవుతుంది?) తెనాలి నుంచి ఒకామె పంపిన ఫారంలో బీకాం మార్కులు బాగున్నాయి, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ వచ్చు, కాని మధ్యలో 4 ఏళ్లు ఖాళీ. కారణం అడగాలని కూడా తోచక అడుగున పెట్టేశాను.

మరుసటి ఏడాది జీఎస్టీ రిటర్నులో ఒక బిల్లు తేడా వచ్చి పక్క కమీషన్ కొట్టుకు వెళితే, పది నిమిషాల్లో ఆ తేడా పట్టి చూపించింది ఆమే. పక్షవాతంతో మంచాన పడిన అత్తగారిని చూసుకుంటూ, ఆ 4 ఏళ్లూ ఇంటి నుంచే రెండు దుకాణాల పద్దులు రాసిందట. "అది రాయడానికి మీ ఫారంలో గడి లేదు కదండీ" అంది.

మన ఇంటిపేరు మరో చిక్కు. దాన్ని ముందే రాస్తాం కనుక, అర్హతకన్నా ముందు చదివేవాడికి కులం మీద ఊహ మొదలవుతుంది. ఆర్థికవేత్త సుఖదేవ్ థోరట్, సామాజిక శాస్త్రవేత్త పాల్ అటెవెల్ 2007లో ప్రచురించిన అధ్యయనంలో, సమాన అర్హతలతో పేర్లు మాత్రమే మార్చి దరఖాస్తులు పంపితే, దళితుల, ముస్లింల పేర్లున్నవాటికి పిలుపులు తక్కువగా వచ్చాయి. తరువాతి నియామకానికి నేను పేర్ల మీద కాగితం ముక్కలు అంటించి చూశాను. ఊరు, చదువుకున్న హాస్టలు, తండ్రి వృత్తి ఆ సంగతే చెప్పేశాయి.

అందుకే కనీస అర్హత ఉన్నవారందరి పేర్లూ చీటీలు రాసి డబ్బాలో వేసి 8 తీద్దామన్నాను. సిఫార్సు ఫోన్లు చేసేవారికి చీటీల దగ్గర పని ఉండదని నా లెక్క. "ఇదేమన్నా చిట్టీ పాటా?" అని యజమాని గారు నవ్వి, తన బావమరిది చెప్పిన కుర్రవాడి ఫారం తీసి పైన పెట్టారు.