రిసార్టు తోట వేయబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

ఉండవల్లి దాటాక కృష్ణ ఒడ్డున కట్టే రిసార్టుకు తోట పని నీకు అప్పగించారని అమ్మ ఫోనులో చెప్పింది. ఎంత గర్వపడ్డానో! అతిథుల పంచేంద్రియాలకూ విందుగా ఉండాలని యజమాని అడిగాడట. ఆ మాట విన్నాక మాత్రం నిద్ర పట్టలేదు. ఫోను చేస్తే పనిలో ఉన్నానంటూ పెట్టేస్తావు. ఈ ఉత్తరమైనా చివరిదాకా చదువు.

కంటి సంగతి చదువుకున్నదానివి, నీకు నేను చెప్పనక్కరలేదు. చెవికి రావిచెట్టు చాలు. ఆకు తొడిమ సన్నగా, పొడవుగా ఉంటుంది కాబట్టి గాలి లేదనుకున్న పూట కూడా గలగలమంటుంది. వేళ్లు గోడలను చీలుస్తాయి, కట్టడాలకు దూరంగా నాటు. ఫౌంటెన్ మోటారును కూడా దూరంగా పెట్టించు, దాని రొదలో నీటి చప్పుడు వినిపించదు. ఈతకొలను చుట్టూ నల్ల కడపరాయి పరుస్తామంటే ఒప్పుకోకు. బెజవాడ మే నెల ఎండకు అరికాళ్లు బొబ్బలెక్కుతాయి. లేత రంగు గరుకు రాయి అడుగు.

ఇక వాసన. నా బెంగంతా దీని గురించే.

నువ్వు బడికి వెళ్లే రోజుల్లో అదే ఒడ్డున, ఇంకాస్త ఎగువన, ఒక విడిదిలో మొక్కల పని చూశాను. యజమాని గదుల కిటికీల వెంబడి వరుసగా ఏడాకుల పాల నాటించాడు. త్వరగా ఎదుగుతుంది, ఎప్పుడూ పచ్చగా ఉంటుంది, పూస్తే ఘుమఘుమలాడుతుంది అని ఎవరో చెప్పారట. ఖాళీల్లో రాత్రిరాణి కూడా పెట్టించాడు. గదులకు దూరంగా నాటిద్దామంటే వినలేదు. చెట్లు ఎదిగేదాకా ఏ ఇబ్బందీ లేదు. పూతకు వచ్చిన ఏడాది, వానలు తగ్గి కార్తీకం దగ్గర పడుతుండగా, పొద్దువాలితే చాలు ఆ వాసన గదుల్లోకి దిగేది. నది గాలి కోసం వచ్చినవాళ్లు తలనొప్పి అంటూ కిటికీలు బిగించుకుని పడుకున్నారు. ఆ రోజుల్లోనే ఒకసారి అత్తయ్యను వెంట తీసుకెళ్లాను. ఆమె ఉబ్బసం నీకు తెలిసిందే. తెల్లవారుజామున ఊపిరి అందక మంచం మీద లేచి కూర్చుంది. నా చెయ్యి వదలలేదు. ప్రకాశం బ్యారేజీ దాటి విజయవాడ ఆసుపత్రికి చేరేదాకా ఆమెతో ఒక్క మాట కూడా మాట్లాడలేకపోయాను. తర్వాత ఆ చెట్లన్నీ కొట్టేశారు. నీడ పోయి గదులు ఎండకు మాడాయి. విశాఖలోనూ 2014 హుద్‌హుద్ తుపాను తర్వాత ఈ చెట్లు విరివిగా నాటారు. పూత కాలంలో ఊపిరాడడం లేదని జనం ఫిర్యాదు చేశారు.

అతిథి కన్ను మూసుకోగలడు, ఊపిరి బిగబట్టి ఎంతసేపు ఉండగలడు? అందుకే పరిమళాన్ని పడకగది దగ్గరికి రానివ్వకు, నడిచే దారిలో పెట్టు. పొద్దున్నే తిరిగే చోట పారిజాతం, పొగడ. పొగడపువ్వు ఎండినా వాసన పోదు. దారి అంచున చెయ్యి తగిలేలా మరువం, దవనం. వాటి మధ్య ఏ వాసనా లేని పచ్చిక కొంతమేర వదులు. ఒకే వాసనలో కాసేపు ఉంటే ముక్కుకు అది తెలియనే తెలియదు. గట్టున వట్టివేరు వేయి. వేళ్లు లోతుకు దిగి మట్టిని పట్టుకుంటాయి, వేసవిలో వరండాకు తడికలూ అల్లించుకోవచ్చు.

నాలుకకు నేరేడు, ఉసిరి, చింతచిగురు ఎలాగూ పెడతావు. చిన్నప్పుడు మా పెరట్లో దొరికిన కాయనల్లా నోట్లో పెట్టుకునేదానివి, మీ అమ్మ వెంటపడి తీయించేది. అలాంటి బంగారు తల్లులు ఆ తోటకూ వస్తారు. పచ్చగన్నేరు కాయ ప్రాణం తీస్తుంది. మామూలు గన్నేరూ విషమే. పూలు బాగున్నాయని ఎవరెంత చెప్పినా ఒక్క మొక్క కూడా నాటనివ్వకు.

కడియం నర్సరీలకు ఆర్డరు ఇచ్చే ముందు మొక్కల జాబితా నాకు పంపు. అత్తయ్య కూడా చూస్తానంటోంది.

మీ మామయ్య,
గుంటూరు