చిట్టికి పెద్దమ్మ ఉత్తరం

చిట్టీ,

నిన్న ఫోన్‌లో నువ్వు మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. అందుకే కాగితం మీద రాస్తున్నా. జిల్లా సైకిల్ పందెంలో మూడోసారి కూడా రెండో స్థానమే వచ్చిందని సైకిల్ అమ్మేయమన్నావంట. మీ నాన్న సరే అనేట్టే ఉన్నాడు, ఆయన దిగులు ఇంటర్ మార్కుల గురించి కదా. బేరం పెట్టేముందు ఇది చదువు.

మరియానె వోస్ అని నెదర్లాండ్స్ ఆవిడ ఉంది, 1987లో పుట్టింది. 19 ఏళ్ళకే, 2006లో, రోడ్ రేసులో ప్రపంచ చాంపియన్ అయింది. ఇక ఆపేవాళ్ళు లేరనుకున్నారు అందరూ. 2007లో రెండో స్థానం. 2008లో రెండో స్థానం. 2009, 2010, 2011లో కూడా అంతే. ఐదేళ్ళు వరసగా! చివరి రెండేళ్ళయితే ఓడించింది వేర్వేరు మనుషులు కూడా కాదు, ఇటలీకి చెందిన జార్జియా బ్రొంజిని ఒక్కతే రెండుసార్లూ గీత దగ్గర స్ప్రింట్‌లో, అంటే చివర్లో శక్తంతా పెట్టి తొక్కే జోరులో, దాటేసింది. నీది మూడుసార్లు, అదీ జిల్లాలో.

ఎలా ఓడిపోయావో చెప్పమంటే నిన్న "ఏమో పెద్దమ్మా, చివర్లో కాళ్ళు రాలేదు" అన్నావు. నాకు తెలుసు ఎందుకు రాలేదో, ఎందుకంటే నేనూ అట్టాగే ఓడిపోయాను. మా అన్న సైకిల్ కడ్డీ కింద నుంచి కాలు పోనిచ్చి నేర్చుకున్నదాన్ని, పొగరు జాస్తి. కాలేజీ రోజుల్లో మైపాడు రోడ్డు మీద పందెం పెడితే మొదటి నుంచీ ముందే ఉన్నా. మధ్యాహ్నం సముద్రపు గాలి ఎదురుగా కొడుతోంది. ఆ గాలంతా నేనే మోశా. నా చక్రం వెనకే హాయిగా వచ్చిన పిల్ల చివరి వంద మీటర్లలో పక్కకి జరిగి వెళ్ళిపోయింది. మోసం అని ఊరంతా చెప్పుకున్నా. మోసం కాదు, అదే ఆట. ముందున్న మనిషి గాలిని చీలుస్తుంటే వెనక ఉన్నవాళ్ళకి దాదాపు మూడోవంతు శ్రమ తగ్గుతుంది. వెనక తొక్కడం నామోషీ కాదు. నీ వంతు వచ్చినప్పుడు కాసేపు ముందుకెళ్ళు, మళ్ళీ పక్కకి తప్పుకో.

2012 లండన్ ఒలింపిక్స్ రోడ్ రేసు వీడియో దొరికితే చూడు. 140 కిలోమీటర్లు, జోరువాన. నలుగురు గుంపు నుంచి విడిపోయారు. అమెరికా అమ్మాయికి పంక్చర్ పడి వెనకబడింది. మిగిలిన ముగ్గురూ, పతకం కోసం ఒకరినొకరు ఓడించాల్సినవాళ్ళే, వంతులేసుకుని గాలిని మోశారు. లేకపోతే వెనకున్న గుంపు పట్టేసుకునేది. చివర్లో వోస్ స్ప్రింట్ కొట్టి బంగారం తీసుకుంది. అంతకు రెండు నెలల ముందే ఆవిడ భుజం దగ్గరి ఎముక విరిగింది. ఆ ఏడే ప్రపంచ చాంపియన్‌షిప్ కూడా గెలిచింది, మరుసటేడు మళ్ళీ గెలిచింది.

ఇక నీ ప్రాక్టీసు. ఒంగోలు నుంచి సముద్రం వైపు పోయే కొత్తపట్నం రోడ్డులో సాయంత్రం వెళ్ళు, పోయేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు తోడుగాలి. నువ్వు తెల్లవారుజామున పోతున్నావు కాబట్టి చాలా రోజులు లెక్క తిరగబడుతుంది. తేలిగ్గా పోయి, అలసిపోయాక ఎదురుగాలిలో తిరిగొస్తున్నావు. అదీ ఒక రకం పనే, కానీ వారంలో రెండు రోజులు చాలు. మోకాలు నొప్పంటున్నావుగా, పెద్ద గేరు వేసి నెట్టుతున్నావు కాబట్టి. గేరు తగ్గించి పెడల్ నిమిషానికి 90 చుట్లు తిప్పు. మొదట్లో కాళ్ళు ఉత్తినే తిరుగుతున్నట్టు ఉంటుంది, పట్టించుకోకు.

కోతల కాలంలో రోడ్డు మీద వడ్లు ఆరబోస్తారు, వాటి మీద చక్రం జారుతుంది, నిలువునా పోవాలే గానీ బ్రేక్ వేయకూడదు. రొయ్యల లారీ ముందు పోయిందంటే తడి చూసుకో. నా ఎడమ మోచేతి మచ్చ ఆ నీళ్ళదే.

అలసిపోతే ఆగు. ఇది తేలిగ్గా తీసుకోకు. ఇన్ని గెలిచిన వోసే అతిగా శ్రమపడి, తొడ వెనక కండరం దెబ్బతిని, 2015లో దాదాపు ఏడాదంతా పోటీలకి దూరమైంది. ఆవిడంతటి ఆవిడే కూర్చుంటే నీకేంటి? నెలసరి రోజుల్లో ఒళ్ళు బరువుగా ఉంటే మెల్లగా తొక్కు, లేదా మానెయ్. గంట దాటే తొక్కుడుకి అరటిపండో, వేరుశెనగ ఉండో జేబులో పెట్టుకో. ఖాళీ కడుపుతో పోయి కళ్ళు తిరిగాయని మీ అమ్మ చెప్పింది, దానికి వేరే తిట్లున్నాయి, ఎదురుగా తిడతా.

షార్ట్స్ గురించి మీ వీధిలో ఏదో అన్నారంట కదా. ఆ షార్ట్స్ లోపల కుట్టిన మెత్త లేకుండా సీటు మీద మూడు గంటలు కూర్చోమను వాళ్ళని. ఫ్రాన్స్‌లో రోజుల తరబడి సాగే పెద్ద సైకిల్ పందెం టూర్ దె ఫ్రాన్స్‌ని ఆడవాళ్ళకీ పెట్టమని 2013లో వోస్, ఇంకో ముగ్గురు కలిసి సంతకాలు సేకరించారు. 2014లో ఒక్కరోజు రేసు ఒకటి ఇచ్చారు, గెలిచింది ఆవిడే. ఎనిమిది రోజుల టూర్ 2022లో గానీ రాలేదు. అందులో రెండో రోజు గెలిచి, మొత్తం మీద ముందున్నవాళ్ళకి ఇచ్చే పసుపు జెర్సీ వేసుకుంది వోస్, అప్పటికి 35 ఏళ్ళు. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో ఏమొచ్చిందో తెలుసా? మళ్ళీ రెండో స్థానమే.

సైకిల్ అమ్మకం సంగతి వచ్చే నెల చూద్దాం. ఈలోపు ఓ నోటుబుక్కు తీసుకుని, మొన్నటి పందెంలో చివరి రెండు కిలోమీటర్లలో ఎవరు ముందున్నారు, ఎవరి వెనక ఎవరున్నారు, గాలి ఎటు నుంచి వచ్చింది, గుర్తున్నంత రాసిపెట్టు. ఆదివారం ఒంగోలు బస్సెక్కుతున్నా. మీ నాన్న స్కూటీ మీద నీ వెనకే కొత్తపట్నం దాకా వస్తా. చక్రాల్లో గాలి సరిగ్గా ఉందో లేదో ముందే చూసుకో, నేనొచ్చాక పంపు కోసం వెతుక్కోవద్దు.

పెద్దమ్మ