ఎన్నో చోట్ల అప్లై చేసినా కాల్స్ రావడం లేదు. రెజ్యూమెలో అసలు ఏం రాయాలి?

మీరు టెంప్లేట్ గురించి కాకుండా ఏం రాయాలని అడిగారు, సంతోషం. మా టీమ్‌లోకి మనుషుల్ని తీసుకోవాల్సి వచ్చినప్పుడు రెజ్యూమెలు చూసేదీ, తర్వాత ఇంటర్వ్యూలో కూర్చునేదీ నేనే. అందుకే చదివేవాళ్ల వైపు నుంచి చెప్తాను.

ఇంటర్వ్యూలో మేం అడిగే ప్రశ్నలు చాలావరకు మీ రెజ్యూమెలోంచే పుడతాయి. అంటే మీ పరీక్షకి ప్రశ్నపత్రం మీరే తయారుచేసుకుంటున్నట్టు లెక్క. ఒక లైను చదవగానే "ఇది ఎలా చేశారు?" అని నాకు అడగాలనిపించాలి. అడిగితే మీరు తడుముకోకుండా కాసేపు మాట్లాడగలగాలి. ఈ రెండూ జరగని లైను ఎంత అందంగా ఉన్నా దండగే.

"స్టాక్ మేనేజ్‌మెంట్ బాధ్యతలు నిర్వహించాను" అని ఒకరు రాశారనుకోండి. ఆ ఉద్యోగంలో ఎవరున్నా అదే రాస్తారు. మీరేం చేశారో నాకు తెలియదు, అడగాలనీ అనిపించదు. అదే మనిషి ఇలా రాస్తే: "రెండు గోడౌన్లలో ఉన్న సరుకుని వారానికోసారి కంప్యూటర్ లెక్కతో సరిచూశాను. తేడాలు ఎక్కువగా రిటర్న్ వచ్చిన సరుకు దగ్గరే వస్తున్నాయని గమనించి, వాటికి విడిగా ఎంట్రీ పెట్టించాను." ఇందులో పెద్ద పదాలు లేవు, శాతాలు లేవు. కానీ కళ్లు తెరుచుకుని పనిచేసే మనిషని అర్థమవుతోంది. రిటర్న్‌ల దగ్గరే తేడా ఎందుకు వచ్చిందని నేను తప్పకుండా అడుగుతాను.

ప్రతి లైనులో అంకె ఉండాలని చాలామంది సలహా ఇస్తారు. దానికోసం "సామర్థ్యం 40 శాతం పెంచాను" అని రాసేసి, దేన్ని కొలిచారని అడిగితే నీళ్లు నమిలేవాళ్లని చూస్తూనే ఉంటాను. కొలిచిన అంకె ఉంటే రాయండి. లేకపోతే పని ఎంత పెద్దదో చెప్పండి చాలు: ఎంతమంది టీమ్, రోజుకా నెలకా, ఎన్ని బ్రాంచీలకి.

ఫ్రెషర్ అయితే ప్రాజెక్టు భాగం మీదే మనసు పెట్టండి. నలుగురు కలిసి చేసిన ప్రాజెక్టుని నలుగురూ ఒకేలా రాసుకుంటారు, కాపీ పేస్ట్ అని ఇట్టే తెలిసిపోతుంది. అందులో మీ చేతిలో ఉన్న ముక్క ఏది? డేటాబేస్ టేబుల్స్ మీరు డిజైన్ చేశారా, టెస్టింగ్ చేశారా, ఎక్కడ ఇరుక్కుని ఎలా బయటపడ్డారు? అది రాయండి. స్కిల్స్ దగ్గర చుక్కలూ స్టార్లూ పెట్టకండి. జావాకి అయిదులో నాలుగు స్టార్లంటే ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఒకసారి ట్యుటోరియల్ చూసి వదిలేసిన వాటిని స్కిల్స్‌లో చేర్చకండి, సరిగ్గా దాని మీదే ప్రశ్న పడుతుంది.

పైన "పేరున్న సంస్థలో నా ప్రతిభకు తగిన అవకాశం కోరుకుంటున్నాను" అనే ఆబ్జెక్టివ్ తీసేయండి. ఆ చోటు చాలా విలువైనది. మీరు ఏ పని చేస్తారు, ఏ ఉద్యోగానికి అప్లై చేస్తున్నారు, దానికి సరిపోయే ఒకటి రెండు విషయాలు అక్కడ చెప్పండి.

ఒకే రెజ్యూమెని అన్ని ఉద్యోగాలకీ పంపుతుంటే కాల్స్ రాకపోవడానికి అదే కారణం కావచ్చు. 1480ల్లో లియొనార్డో డా విన్చి మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జా దగ్గర కొలువు కోసం ఒక ఉత్తరం రాసుకున్నాడు. అందులో మోసుకెళ్లగల వంతెనలు, ముట్టడి యంత్రాలు, ఫిరంగులు ముందు వరసలో ఉన్నాయి. బొమ్మలు వేయడం చివర్లో వస్తుంది. ఆయనకి బొమ్మలు రాకనా? పాలకుడికి యుద్ధాల అవసరం ఉంది కాబట్టి! మీరూ ఉద్యోగ ప్రకటన పక్కన పెట్టుకుని, వాళ్లు అడిగిన పనికి దగ్గరగా ఉన్న అనుభవాన్ని పైకి జరపండి. ప్రకటనలో వాడిన పదాలు మీ పనికి నిజంగా వర్తిస్తే ఆ పదాలే వాడండి. చాలా కంపెనీల్లో రెజ్యూమెలు ముందుగా ఏటీఎస్ అనే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్తాయి, రిక్రూటర్లు అందులో పదాలతో వెతుకుతారు.

ఆ సాఫ్ట్‌వేర్ విషయంలో భయపడాల్సిందేమీ లేదు. మీ పీడీఎఫ్‌లోని టెక్స్ట్ మొత్తం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో వేసి చూడండి. రెండు కాలమ్‌లు కలగాపులగమైతే, ఫోన్ నంబర్ మాయమైతే సాఫ్ట్‌వేర్‌కీ అలాగే కనిపించే అవకాశం ఎక్కువ. అసలు కాపీయే కాకపోతే అది బొమ్మ కింద సేవ్ అయిందన్నమాట.

ఏఐతో రాయించుకోవచ్చా అని కూడా చాలామంది అడుగుతుంటారు. భాష సరిచేయించుకోండి, తప్పులేదు. విషయం మాత్రం మీరే ఇవ్వాలి. మొత్తం దాని మీద వదిలేసినవి అన్నీ ఒకే అచ్చులో వస్తున్నాయి, పైగా తన రెజ్యూమెలోని వాక్యానికి అర్థం చెప్పలేక ఇబ్బంది పడేది అభ్యర్థే.

మధ్యలో గ్యాప్ ఉంటే తేదీలు మార్చకండి, వెరిఫికేషన్‌లో బయటపడుతుంది. చదువో, ఆరోగ్యమో, ఇంటి బాధ్యతో ఒక్క లైనులో రాసేయండి. నేనైతే అలాంటి లైను చదివి ముందుకెళ్లిపోతాను. ఏమీ రాయకుండా వదిలేసిన ఖాళీ దగ్గరే ఆగుతాను.