'జెనిఫర్స్ బాడీ' సినిమాను అప్పట్లో తిట్టి, ఇప్పుడెందుకు మెచ్చుకుంటున్నారు?

నా లెక్కలో తప్పు సినిమాది కాదు, ప్రచారానిది. 2009లో ఈ హాలీవుడ్ హారర్ సినిమా వచ్చినప్పుడు, జెనిఫర్‌గా నటించిన మేగన్ ఫాక్స్ అందాన్ని చూపించి కుర్రాళ్లను థియేటర్లకు పిలిచారు. రాసిన డయాబ్లో కోడీ, డైరెక్టర్ కారిన్ కుసామా మాత్రం ఆడపిల్లలను మనసులో పెట్టుకుని తీశారు.

కథ మిన్నెసోటాలోని ఓ కల్పిత ఊళ్లో జరుగుతుంది. పేరు రావాలంటే సైతానుకు కన్యను బలివ్వాలని నమ్మిన రాక్ బ్యాండ్ వాళ్లు హైస్కూల్లో చదివే జెనిఫర్‌ను వ్యాన్‌లో అడవికి తీసుకెళ్లి పొడుస్తారు. ఆమె కన్య కాదు. దాంతో దయ్యం పడుతుంది, అబ్బాయిలను తినడం మొదలుపెడుతుంది.

అసలు వ్యంగ్యం ఇక్కడుంది: అమ్మాయిని చంపినవాళ్లే, బార్ తగలబడినప్పుడు జనాన్ని కాపాడిన హీరోలుగా చలామణీ అవుతారు. వాళ్ల పాటే ఊరంతా కన్నీళ్లతో పాడుకుంటుంది. 2017లో మీటూ వచ్చాక చాలామందికి ఈ సన్నివేశాలు కొత్తగా కనిపించాయి, అది న్యాయమే.

నన్ను కదిలించేది మాత్రం చివరి పోరాటం. మంచం మీద గాల్లో తేలుతున్న జెనిఫర్ మెడలోంచి, ఆమె ప్రాణస్నేహితురాలు నీడీ తమ స్నేహానికి గుర్తైన గొలుసును తెంపేస్తుంది. అంతే, జెనిఫర్ దబ్బున కిందపడుతుంది. గుండెల్లో కత్తి దిగేది ఆ తర్వాతే.