పూత అయిపోయిన ఫాక్స్‌గ్లవ్‌ను ఏం చేయాలి?

ప్రశ్న: చలికాలంలో కుండీల్లో వేసిన ఫాక్స్‌గ్లవ్ మొక్కలు పూసి అయిపోవచ్చాయి. పీకేయాలా అండీ?
– ఒక పాఠకురాలు, కొరాపుట్

జవాబు: అప్పుడే పీకకండమ్మా. కాడ కొసన నాలుగైదు పూలు మిగిలి ఉండగానే, మొదట్లోని ఆకుల గుత్తికి కాస్త పైన నడిమి కాడను కత్తిరించండి. గింజ కట్టే శ్రమ తప్పి పక్క కాడలు లేస్తాయి. వాటి పూలు చిన్నవే అయినా చూడముచ్చటగా ఉంటాయి.

విత్తనానికి ఒక్క కాడ ఉంచితే చాలు. కాయలు కింది నుంచి పైకి పండుతాయి. గోధుమరంగు తిరిగి కొస చీలగానే కాగితం సంచిలోకి దులపాలి, ఆలస్యమైతే గింజంతా నేలపాలే. నలుసంత విత్తనం అది, మొలవడానికి వెలుతురు కావాలి. వానలు వెనకబట్టాక, అక్టోబరులో తడి మట్టి మీద చల్లి వదిలేయండి, పైన మట్టి కప్పొద్దు. 15–20 డిగ్రీల్లో 2–3 వారాలకు మొలుస్తాయి. తర్వాత 30–45 సెంటీమీటర్ల ఎడంతో నాటండి.

గింజ కట్టిన మొక్క సాధారణంగా చచ్చిపోతుంది. మొదట్లో కొత్త పిలకలుంటే మాత్రం కుండీని చూరు కిందికి జరపండి. మీ కొండల వానకు నీరు నిలిస్తే మొదలు కుళ్లుతుంది.

ఒక్కటి మరీ ముఖ్యం. ఆకు, పువ్వు, గింజ అన్నీ గుండెను దెబ్బతీసే విషమే, ఎండినా పోదు. చేతికి తొడుగులు వేసుకోండి. కోసిన కాడలు ఆవులకు, మేకలకు అందకుండా గొయ్యి తీసి పాతిపెట్టండి.