తేదీకి మేకు కొట్టే ముందు

చి. అమ్ములుకి, మావయ్య దీవెనలు.

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. లంక ఊళ్లో హైస్కూలుకి వెళ్లి ఏడాది తిరక్కుండానే వరండా గోడంతా గళ్లు గీయించి, ఏ రోజున ఏ గొప్పవాళ్లు పుట్టారో రాయిస్తున్నావట. పక్కనే అదే రోజు పుట్టిన మీ బడిపిల్లల పేర్లట. ఆ మాట చెప్పుకోవడానికి పొద్దున్నే వీధి చివర టీ కొట్టు దాకా వెళ్లొచ్చాను. ఇంటికొచ్చి కూర్చున్నాక మాత్రం గుబులు పట్టుకుంది. శాఖా గ్రంథాలయం బోర్డు మీద ఏళ్ల తరబడి ‘నేటి విశేషాలు’ రాసిన చెయ్యి ఇది. సుద్దముక్కతో రాసిన తప్పు తడిగుడ్డకి పోతుంది. ఎనామిల్ పెయింటుతో రాసింది నువ్వు బదిలీ అయి వెళ్లాక కూడా అక్కడే ఉంటుంది.

పెయింటరుకి అడ్వాన్సు ఇచ్చేశావా? ఇస్తే ఇచ్చావులే, పేర్లు మాత్రం రాయించకు. గళ్లూ, నెలలూ, అంకెలూ వరకే పెయింటు. పేర్లు పోస్టుకార్డుల మీద రాసి, గడికో మేకు కొట్టి తగిలించు. పోస్టుకార్డు 14 సెంటీమీటర్ల పొడవు, 9 వెడల్పు. ఆరంగుళాల వెడల్పు, అయిదంగుళాల ఎత్తు ఉన్న గడిలో చక్కగా కూర్చుంటుంది. తప్పని తేలితే కార్డు మారుస్తావు, గోడ జోలికి పోనక్కర్లేదు. పైగా గోడ మీద చిన్న గడిలో ‘శ్రీకృష్ణదేవరాయలు’ రాయించి చూడు, వత్తులన్నీ కింద గడిలోకి కాళ్లు చాపుతాయి.

పన్నెండు నెలలూ ఒకదాని కింద ఒకటి పెడితే అయిదడుగుల ఎత్తవుతుంది. మన కాలవగట్టు ఊళ్లలో గోడ కింద మూడడుగులు చెమ్మే, వానాకాలం పోయేసరికి ఉప్పు పూసి పెచ్చులూడుతుంది. మూడడుగులు వదిలి మొదలెడితే పై వరస ఎనిమిదడుగుల మీదికి పోతుంది. ఆరో తరగతి పిల్లాడు జనవరి చదవాలంటే ఎవరో ఎత్తుకోవాలి. అందుకని రెండుగా విడగొట్టు. ఒక గోడకి జనవరి నుంచి జూన్, ఇంకో గోడకి జూలై నుంచి డిసెంబర్. వరసకి ముప్ఫై ఒక్క గళ్లు, మొదట్లో నెల పేరుకి ఓ అడుగు కలిపి ఒక్కోటి పదహారున్నర అడుగుల పొడవు, రెండున్నర అడుగుల ఎత్తు. మధ్యలో తలుపు రాకుండా చూసుకో. గీయడం అయ్యాక ఖాళీ గళ్లు లెక్కపెట్టు. రెండు గోడల మీదా కలిపి ఆరు మిగలాలి. ఏడు మిగిలాయా, ఫిబ్రవరి 29 ఎగిరిపోయిందన్నమాట. చాలామంది పెయింటర్లు అదే చేస్తారు.

ఆ గడి వదలడానికి వీల్లేదు. మొరార్జీ దేశాయ్ 1896 ఫిబ్రవరి 29న పుట్టారు, నాట్యానికి కళాక్షేత్ర కట్టిన రుక్మిణీదేవి అరండేల్ 1904 ఫిబ్రవరి 29న. మధ్యలో 1900 ఉంది కదా, నాలుగుతో భాగించినా అది లీపు సంవత్సరం కాదు. కాబట్టి మొరార్జీకి మొదటి పుట్టినరోజు ఎనిమిదేళ్లకి వచ్చింది, సరిగ్గా రుక్మిణీదేవి పుట్టిన రోజునే. లెక్కల మాస్టారికి ఈ ఒక్క గడి ఇస్తే ఒక పీరియడ్ నడిచిపోతుంది.

ఇప్పుడు అసలు సంగతి. ఏ తేదీ దొరికినా మూడు ప్రశ్నలు వేసుకో. పుట్టిందా, పోయిందా? ఏ క్యాలెండరు? ఎవరు చెప్పారు?

మొదటిది తేలికే, అయినా అందరూ అక్కడే పడతారు. మే 7 అంటే అల్లూరి సీతారామరాజు అని రాసేస్తారు. అది 1924లో ఆయన్ని కాల్చిచంపిన రోజు. ఆ రోజు పుట్టినవాడు రవీంద్రనాథ్ ఠాగూర్, 1861లో. అల్లూరిది జూలై 4. భీమవరంలో ముప్ఫై అడుగుల కంచు విగ్రహం ఆవిష్కరించింది కూడా 2022 జూలై 4నే, 1897 నుంచి లెక్కేసి 125వ జయంతి అని. పుట్టిన ఏడు 1898 అని రాసిన పుస్తకాలూ ఉన్నాయి. అలాంటిచోట కార్డు మీద రోజు పెద్దగా రాయి, ఏడు చిన్నగా మూలన రాయి. గడికి కావలసింది రోజే.

ఠాగూర్ దగ్గరే రెండో ప్రశ్న కూడా ఉంది. బెంగాలీలు ఆయన పుట్టినరోజు వాళ్ల వైశాఖం 25న చేసుకుంటారు, అది మన లెక్కకి మే 8నో 9నో పడుతుంది. న్యూటన్‌ది ఇంకో చిక్కు. అప్పటి ఇంగ్లండు లెక్కకి 1642 డిసెంబర్ 25, ఇప్పటి లెక్కకి 1643 జనవరి 4. వాళ్లు పాత క్యాలెండరు వదిలింది 1752లో. సెప్టెంబర్ 2 అయ్యాక తెల్లారేసరికి 14 అన్నారు. ఏదో ఒక రూలు పెట్టుకుని చివరిదాకా దానికే కట్టుబడు. నేనైతే ఇప్పటి లెక్కే పెడతాను. అప్పుడు డిసెంబర్ 25 గడి మదన్ మోహన్ మాలవీయకి (1861), వాజ్‌పేయికి (1924) మిగులుతుంది. ఇద్దరికీ భారతరత్న కూడా ఒకేసారి ప్రకటించారు.

మూడో ప్రశ్న దగ్గర నేను బోర్లాపడ్డాను. ఇది నిదానంగా చదువు.

మా గ్రంథాలయానికి స్థలమిచ్చిన పెద్దాయన ఒకరు. ‘ప్లవ నామ సంవత్సరం, అంతర్వేది తీర్థం నాడు పుట్టాడు’ అని ఊళ్లో చెప్పుకునేవాళ్లు. నేను సంవత్సరాల పట్టిక తీశాను. ప్లవ ఎదురుగా 1901 అని ఉంది. అయితే 2001 తీర్థానికి నూరేళ్లు నిండుతాయని బోర్డెక్కించాను. కమిటీవాళ్లు షామియానా వేశారు, ఫొటోకి దండ వేశారు, మూడొందల మందికి పులిహోర పెట్టారు. సభ సగంలో ఉండగా ఆయన కూతురు పంటు మీద గోదారి దాటి వచ్చింది. డెబ్బై దాటిన మనిషి. సంచిలోంచి గుడ్డలో చుట్టిన జాతకచక్రం తీసి, మైకు దగ్గరికి రాకుండా, నా చేతిలోనే పెట్టి మెల్లగా అంది: ‘నాన్నగారికి నూరు నిండటానికి ఇంకా ఏడాదుంది కదయ్యా.’

తప్పు ఎక్కడుందో చూడు. మన సంవత్సరం ఉగాదితో మొదలవుతుంది. ప్లవ 1901 ఉగాదికి వచ్చి 1902 ఉగాది ముందురోజు దాకా ఉంది. అంతర్వేది తీర్థం మాఘమాసంలో ఏకాదశికి కదా. ప్లవలో వచ్చిన మాఘం 1902 ఫిబ్రవరిలో పడింది. 1901 మొదట్లో వచ్చిన మాఘం దాని ముందు సంవత్సరం శార్వరిది. పట్టికలో ఒక్క అంకే వేస్తారు, అది సంవత్సరం మొదలైన ఏడు. చైత్రం నుంచి కార్తీకం దాకా ఆ అంకె సరిపోతుంది. మార్గశిరం చివర్లో, పుష్యంలో జాగ్రత్తగా చూడాలి, మధ్యలో జనవరి ఒకటి వచ్చి పడుతుంది. మాఘ, ఫాల్గుణాలకి ఒకటి కలపాలి.

ఏడాది తప్పితే ఏడే తప్పిందనుకోకు. తిథి ప్రతి ఏడూ పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది, అధికమాసం వచ్చినప్పుడు ముందుకి దూకుతుంది. ఆ రెండు మాఘ ఏకాదశులకీ మధ్య ఇంగ్లీషు తేదీలో దాదాపు మూడు వారాల తేడా. నీ గోడ మీదైతే ఆయన వేరే నెల వరసలో వేలాడేవాడు. తనతో కలిసి పుట్టని వాళ్ల పక్కన.

ఆవిడ ఎవరితోనూ అనలేదు, పులిహోర తిని వెళ్లిపోయింది. మర్నాడు నేను బోర్డు తుడిచి సరైన తేదీ రాశాను. ఎవరూ చదవలేదు. తప్పు చదివినంత మంది దిద్దుబాటు చదవరు.

అందుకని పంచాంగం తేదీ దొరికితే నూరేళ్ల పంచాంగం దగ్గర పెట్టుకుని సంవత్సరం, మాసం, పక్షం, తిథి నాలుగూ కలిపి చూడు. అధికమా నిజమా అని అడుగు. పెద్దవాళ్లు ‘వరద ఏడు’ అంటే అక్కడే సంతోషపడిపోకు, 1953దా, 1986దా అని అడుగు. పుష్కరాలంటే 1979, 1991, 2003, 2015. తుఫానంటే మన కోనసీమలో 1996 నవంబరే ముందు గుర్తొస్తుంది, కానీ చెప్పే మనిషి వయసు చూసుకోవాలి.

జంటల విషయానికి వస్తే, పొడవాటి జాబితాలు దించుకోకు. గడికి ఇద్దరు చాలు, ఒకరు మనవాళ్లు, ఒకరు దూరంవాళ్లు. ఏప్రిల్ 16 చూడు. 1848లో రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం, 1889లో లండన్‌లో చార్లీ చాప్లిన్. మే 15న కాటన్ దొర (1803), రేడియం కనిపెట్టిన పియరీ క్యూరీ (1859). జూలై 6న మన శంకరగుప్తం బాలమురళీకృష్ణ (1930), దలైలామా (1935). జూన్ 28న పి.వి.నరసింహారావు 1921లో, ధవళేశ్వరంలో ముళ్లపూడి వెంకటరమణ 1931లో. ఒకాయన మూతి బిగించుకున్న ఫొటో, ఒకాయన నవ్వించే ఫొటో, పక్కపక్కన పెట్టు. ఏడు కూడా కలవాలంటే 1809 ఫిబ్రవరి 12 ఉంది. డార్విన్, లింకన్ ఇద్దరూ ఆ ఒక్క రోజునే, ఒకరు ఇంగ్లండులో, ఒకరు అమెరికాలో.

నాకు అన్నిటికంటే ఇష్టమైన గడి జూలై 15. కామరాజ్ (1903), రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి దేశ్‌ముఖ్ (1909). మద్రాసు రాష్ట్రంలో బడిపిల్లలకి మధ్యాహ్నం అన్నం పెట్టించినాయన ఆయన. ఆంధ్ర మహిళా సభ పెట్టి, సగంలో చదువాగిన ఆడవాళ్లని కూర్చోబెట్టి చదివించింది ఆవిడ. ఆ రోజు ఆ కార్డు గోడ మీంచి తీసి, భోజనాల వరసలో కంచాలు పట్టుకుని నిలబడే చోట తగిలించు.

ఆగస్టు 29కి మాత్రం ముందే హెచ్చెమ్ గారితో మాట్లాడుకో. గిడుగు రామమూర్తి (1863) పుట్టినరోజని తెలుగు భాషా దినోత్సవం, ధ్యాన్‌చంద్ (1905) పుట్టినరోజని క్రీడా దినోత్సవం. తెలుగు మాస్టారూ పీఈటీ సారూ ఒకే మైకు కోసం వస్తారు. ఏప్రిల్ చివర్నుంచి జూన్ రెండో వారం దాకా సెలవులు కనుక కాటన్ దొర గడి ఏ ఏడూ ఎవరూ చదవరు. ఆ కార్డులన్నీ బడి మూసే రోజున ఒక్కసారి గట్టిగా చదివించెయ్.

ఇక పిల్లల తేదీలు. నలభై మంది ఉన్న తరగతిలో ఇద్దరు ఒకే రోజు పుట్టి ఉండే అవకాశం నూటికి 89. ఇరవై ముగ్గురున్నా చాలు, సగానికి పైనే. 365 రోజులకి ఇరవై ముగ్గురేమిటని పిల్లలు నమ్మరు. లెక్క మనుషులది కాదు, జంటలది. ఇరవై ముగ్గురిలో 253 జంటలు పడతాయి. ఈ ముక్క చెప్పి, అక్కడికక్కడే లేచి నిలబడమని సరిచూపించు.

కానీ అడ్మిషన్ రిజిస్టర్ చూసి చెయ్యకు. బళ్లో వేసే రోజున అయిదు నిండాలని ఏ జూన్ ఒకటో, జూలై ఒకటో వేయించిన తేదీలు అందులో ఉంటాయి. వాటిని నమ్మితే ఒక్క గడిలో పదిమంది కవలల్లా పుడతారు. తల్లుల్ని అడుగు. అప్పటికీ తేలని పిల్ల ఉంటే నలుగురిలో గుచ్చి అడక్కు. తనకి నచ్చిన గడి ఏరుకోమని చెవిలో చెప్పు, కార్డు మాత్రం పెన్సిల్‌తో రాయి. రిజిస్టర్ జోలికి మాత్రం వెళ్లకు, టెన్త్ సర్టిఫికెట్ దాని మీదే ఆధారపడి ఉంటుంది.

మీ అమ్మదీ అలాంటి తేదీయే, తెలుసా? ఆఫీసులో జూలై 1న కేకు కోయిస్తారు, మాట్లాడకుండా తింటుంది. నిజానికి సౌమ్య నామ సంవత్సరం కార్తీక పౌర్ణమి. సౌమ్య ఎదురుగా 1969 ఉంటుంది, కార్తీకం కనుక ఒకటి కలపక్కర్లేదు. 1969 నవంబర్ 23. అదే పౌర్ణమికి దేశమంతా గురునానక్ 500వ జయంతి చేశారు కాబట్టి తేదీ మీద అనుమానం లేదు. పందొమ్మిదేళ్లకోసారి తిథీ తేదీ మళ్లీ దగ్గరికొస్తాయి. 1988లో కూడా కార్తీక పౌర్ణమి నవంబర్ 23నే పడింది.

ఆ గడిలో పుట్టపర్తి సత్యసాయిబాబా (1926) కార్డు ఉంటుంది. పక్కన ఇంకో కార్డుకి చోటుంచు. పాత పోస్టుకార్డులు రెండొందలు, నూరేళ్ల పంచాంగం, మేకుల పొట్లం బస్సులో పంపుతున్నాను. కండక్టరుకి నీ నంబరు ఇస్తాను, దిగ్గానే తీసుకో.

మీ మావయ్య